దాలమ్మ కట్టు

చీపురుపల్లి ఆసుపత్రిలో
ఎక్స్‌రే గది నాది. కిటికీ లేదు.
ఇరవై రెండేళ్ళుగా జనం ఎముకల్ని
వెలుతురుకి ఎదురు పెట్టి చూస్తున్నాను.

కొత్త దెబ్బ తగిలి వస్తారు.
ఫిల్ము మీదకి పాత దెబ్బ కూడా వస్తుంది.
మోచేతికి దిగువన చెరుకు కణుపంత బుడిపె.
"ఇదెప్పటిది?" అంటాను.
"అదా బావూ, తాటిచెట్టు మీంచి పడ్డప్పుడుది.
గంట్లవలస దాలమ్మ కట్టినాది."

అడక్కపోయినా పోల్చుకుంటాను.
పాత దస్తావేజులో కరణం దస్తూరీలా
ఆ అతుకు ఆమెదని తెలిసిపోతుంది.

మా వెనక వీధే.
నోట్లో అడ్డచుట్ట, నిప్పు లోపలికి.
కళ్ళు మూసుకుని విరిగిన చోటు తడిమేది.
"మాటాడకండొలే, ఇనబడదు" అని కసిరేది,
లోపల ఎముక ఏదో చెబుతున్నట్టు.
తర్వాత దంచిన నల్లేరు, గుడ్డు సొన,
ఆరు వెదురు బద్దలు, పాత నేతచీర పేలికలు.
మనిషికీ మేకకీ అవే బద్దలు.
డబ్బు ముట్టదు.
సోలెడు చోళ్ళు గడప మీద పోసి
వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి.

ఆమె పోయాక ఊరు ఇంకా చాలా చెబుతోంది.
గోడకవతల నడిచే మనిషి అడుగు విని
ఏ కాలు ఏ ఏడు విరిగిందో చెప్పేదట.
ఆమె కట్టు విప్పిన రోజునే
గరివిడి దాకా పరిగెత్తానని తవిటినాయుడు
ఆ కాలు ఈడ్చుకుంటూనే చెబుతాడు.

నేను చెప్పనివీ ఉన్నాయి.
వంకరగా అతికిన చేతులు ఈ గదిలోనే చూశాను.
కన్నకూతురు పైడమ్మ నడుము ఆమె మాట వినలేదు.
ఏడాది నులకమంచం మీదే ఉండి పోయింది పిల్ల.
ఆ ఏడాదంతా దాలమ్మ ఎవరినీ ముట్టుకోలేదు.
అయినా జనం వచ్చి చోళ్ళు పోసి కూర్చునేవారు.
కోళ్ళు తినేసేవి.

నాకు పదకొండేళ్ళు.
మద్రాసు పనికి నాన్న
మేస్త్రి దగ్గర ఇద్దరికి అడ్వాన్సు తీసుకున్నాడు.
ఇటుకలు మొయ్యగలనో లేదో
నా వేళ్ళు నొక్కి చూశాడు మేస్త్రి.
బండెక్కే ముందురోజు
కళ్ళం గట్టు మీంచి పడ్డాను.
ఎడమ మణికట్టు కాస్త వాచింది. అంతే.
అమ్మ నన్ను అరుగు మీద కూచోబెట్టి
లోపలికెళ్ళి దాలమ్మతో ఏదో మాట్లాడింది.

ఆ రోజు దాలమ్మ కళ్ళు మూసుకోలేదు.
నా మొహంలోకే చూస్తూ
"ఇరిగిపోనాది" అంది.
నాన్న వచ్చి వీధి అదిరేలా అరిచాడు.
"మూడు వారాలు కదపకూడదు. కదిపితే
సెయ్యి పడిపోద్ది. తీసుకుపో, నీ ఇష్టం."
చుట్ట తీసి ఉమ్మి, మళ్ళీ పెట్టుకుంది.

అడ్వాన్సు ఇద్దరికి కదా.
నా బదులు పిన్ని కొడుకు ఎర్రయ్య వెళ్ళాడు.
నాలుగేళ్ళకి తిరిగొచ్చాడు,
కుడిచేతికి రెండు వేళ్ళు లేకుండా.
కట్టు విప్పేలోపే అమ్మ
నా పేరు హైస్కూల్లో రాయించేసింది.
ఎర్రయ్య ఇప్పటికీ ఎదురుపడితే
ఎడమచెయ్యి ఎత్తి పలకరిస్తాడు.

మొన్న రాత్రి డ్యూటీలో ఎవరూ రాలేదు.
నా మణికట్టు నేనే పెట్టి తీసుకున్నాను.
పైనించి కిందకి చదివాను,
కిందనించి పైకి.
గీత లేదు. బుడిపె లేదు.
పసి ఎముక గుర్తు కూడా మిగల్చకుండా
అతుక్కుపోతుందని మేం చదువుకున్నదే.
లేదంటే,
అక్కడ అతకాల్సిందేమీ లేదు.

అడగడానికి అమ్మ లేదు.
చోళ్ళు పోయడానికి ఆ గడపా లేదు,
పైన రోడ్డు వేశారు.

ఫిల్ము కవర్లో పెట్టాను.
పేరు దగ్గర నా పేరు రాశాను. వయసు రాశాను.
పంపినవారు ఎవరు అనే గడి దగ్గర
కలం కాసేపు ఆగింది.
దాలమ్మ, గంట్లవలస,
అని రాశాను.